ఆగని సరుకు మీద అక్షరం

రైసు మిల్లులో బస్తాల మీద గుర్తు వేసే మనిషికి ఒక సుఖం ఉంది. బస్తా కదలదు. అక్షరాలు కత్తిరించిన రేకుని గోనె మీద ఆనించి, రంగులో ముంచిన బ్రష్షు ఒకసారి అటూ ఇటూ లాగితే మిల్లు పేరు, సంవత్సరం, బరువు పడిపోతాయి. రేకు ఎత్తాక అంచులు కాస్త పూసుకుపోయినా ఎవరూ తప్పు పట్టరు.

ఆ మనిషినే తీసుకెళ్ళి కూల్‌డ్రింకు ఫ్యాక్టరీలో నిలబెట్టామనుకోండి. కన్వేయర్ మీద గంటకి 36,000 సీసాలు పోతున్నాయి. ప్రతి సీసా మీదా తయారీ తేదీ, బ్యాచ్ నంబరు, ధర వెయ్యాలి. సెకనుకి పది సీసాలన్నమాట. ఒక్కో సీసాకి దక్కేది సెకనులో పదో వంతు. సీసాకీ సీసాకీ మధ్య పది సెంటీమీటర్లు ఉంటే లైను సెకనుకి ఒక మీటరు వేగంతో పోతున్నట్టు. దాన్ని ఆపడానికి వీల్లేదు. వెనక నింపే యంత్రం, ముందు అట్టపెట్టెల్లో సర్దే యంత్రం, అన్నీ ఒకదాని తోక ఒకటి పట్టుకుని నడుస్తున్నాయి.

లేజర్‌తో వస్తువుల మీద రాస్తారంటే వినేవాళ్ళు ముందుగా అడిగేది "కాలిపోదా?" అని. కాల్చడం ఎప్పుడూ పెద్ద సమస్య కాలేదు. 1960 మే 16న కాలిఫోర్నియాలోని మాలిబూలో, హ్యూస్ పరిశోధనాలయంలో థియోడర్ మైమన్ కెంపు కడ్డీ నుంచి మొట్టమొదటి లేజర్ వెలుగు రప్పించాడు. ఆ తర్వాత ఎవరి లేజర్ ఎంత బలమైనదో చెప్పుకోవడానికి, అది ఒక్క దెబ్బకి ఎన్ని గడ్డం బ్లేడ్లకి చిల్లు పెడుతుందో లెక్కపెట్టేవాళ్ళు. 1965కల్లా అమెరికాలో వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీ తీగలు సాగదీసే వజ్రపు అచ్చులకి లేజర్‌తో రంధ్రాలు వేస్తోంది. వజ్రానికే చిల్లు పెట్టిన వెలుగుకి ప్లాస్టిక్ సీసా ఒక లెక్కా? చిక్కంతా ఆ సీసా ఆగకపోవడంలోనే ఉంది.

దానికి ముందు, ఫ్యాక్టరీలో రోజంతా నడవగలిగే లేజర్ ఒకటి కావాలి. కెంపు లేజర్ ఒకసారి మెరిసి వేడెక్కి కూర్చునే రకం. తాగే కరెంటులో నూటికి ఒక వంతు కూడా వెలుగుగా తిరిగి ఇవ్వదు. ఇక్కడ మనవాడొకరు కథలోకి వస్తారు. చంద్రకుమార్ నారన్‌భాయ్ పటేల్ 1938లో మహారాష్ట్రలోని బారామతిలో పుట్టారు. పుణే ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీలో చదివి, స్టాన్‌ఫర్డ్‌లో డాక్టరేట్ పూర్తి చేసి, 1961లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో చేరారు. 1964లో ఆయన లోకానికి చూపించింది కార్బన్ డయాక్సైడ్ లేజర్. మనం ఊపిరి వదిలినప్పుడు బయటికొచ్చే, సోడాలో బుడగలుగా పొంగే వాయువే అందులోనూ పనిచేస్తుంది.

మొదట్లో దాని బలం మిల్లీవాట్లలోనే ఉండేది. దాంతో అగ్గిపుల్ల కూడా వెలగదు. పటేల్ అందులో నైట్రోజన్ కలిపి చూశారు. కరెంటు తగిలిన నైట్రోజన్ అణువులు వణుకుతాయి. ఆ వణుకు, పక్కింటికి నిప్పు అందించినట్టు, కార్బన్ డయాక్సైడ్ అణువులకి చేరుతుంది. రెండు వణుకుల కొలతా దాదాపు ఒకటే కావడం మన అదృష్టం. హీలియం కూడా కలిపాక గొట్టంలోని వేడి త్వరగా బయటికి పోవడం మొదలైంది. చూస్తూ ఉండగానే మిల్లీవాట్ల లేజర్ వందల వాట్లకి ఎదిగింది. తాగిన కరెంటులో పదో వంతుకి పైగా వెలుగుగా తిరిగిచ్చే లేజర్ అప్పటికి అరుదు. 1996లో అమెరికా ప్రభుత్వం ఆయనకి జాతీయ విజ్ఞాన పతకం ఇచ్చింది. ఆయన చేసిన పని మాత్రం ఇవాళ మన చేతిలోని నీళ్ళ సీసా మెడ మీద ఉంటుంది. అక్కడ ఆయన పేరు ఉండదు, అంతే.

ఆ వెలుగు కంటికి కనబడదు. దాని తరంగం పొడవు 10.6 మైక్రాన్లు, అంటే మనం చూడగలిగిన ఎరుపుకి దాదాపు పదిహేను రెట్లు. ఇందులో ఒక తమాషా ఉంది. మన కంటికి గాజు కిటికీలాంటిది, ఈ కిరణానికి మాత్రం గోడ. కాగితం, ప్లాస్టిక్, చెక్క, గాజు అన్నీ దీన్ని పైపొరలోనే మింగేసుకుంటాయి. అందుకే సీసా లోపలి నీళ్ళ దాకా కిరణం వెళ్ళదు. ఈ లేజర్‌లో కటకాన్ని కూడా గాజుతో చెయ్యలేరు. పసుపచ్చగా ఉండే జింక్ సెలినైడ్ వాడతారు. లోహం మీద మాత్రం దీని ఆట సాగదు, నున్నటి లోహం దీన్ని అద్దంలా వెనక్కి కొట్టేస్తుంది. ఇనుము, అల్యూమినియం మీద రాయడానికి పనికొచ్చేది అదే 1964లో అదే బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన యాగ్ లేజర్, పొడవు 1.06 మైక్రాన్లు. దాదాపు పదో వంతు.

ఇక కదిలే సీసా సంగతి.

మొదటి జవాబు కెనడా నుంచి వచ్చింది. అదీ మిల్లు రేకు లాంటి జవాబే కావడం నాకు భలే నచ్చుతుంది. క్వెబెక్ దగ్గర వాల్కార్టియేలో కెనడా రక్షణ పరిశోధనా కేంద్రం ఉంది. అక్కడ జాక్ బోల్యూ 1970 నాటికి కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ని కొత్త రకంగా కట్టి చూపించాడు. అంతకుముందు పొడుగాటి గాజు గొట్టంలోంచి గాలి చాలావరకు తోడేసి, ఈ చివర నుంచి ఆ చివరకి కరెంటు పంపేవాళ్ళు. బోల్యూ వాయువుని మామూలు గాలి ఒత్తిడిలోనే ఉంచి, కరెంటుని నిలువుగా కాకుండా అడ్డంగా, గొట్టం పొడవునా ఒకేసారి కొట్టించాడు. ఎక్కువ వాయువు, ఒక్కసారిగా దెబ్బ. వెలుగు ధారలా రాకుండా పిడుగులా వచ్చింది. కొన్ని జౌళ్ళ శక్తి అంతా సెకనులో పది లక్షల వంతు కాలంలో బయటపడిపోతుంది. దీన్ని అమ్మకానికి తయారుచెయ్యడానికి 1970ల మొదట్లో అదే దేశంలో ల్యూమోనిక్స్ అనే కంపెనీ వెలిసింది.

పిడుగు చేతికి దొరికాక మిగిలిన పని సులువు. పల్చటి లోహపు రేకులో తేదీ, నంబరు అక్షరాలుగా కత్తిరిస్తారు. లేజర్ ఆ రేకు మీద పడుతుంది. అక్షరాల కంతల్లోంచి పోయిన వెలుగుని కటకం చిన్నది చేసి సీసా మీద పడేస్తుంది. వరస మొత్తం ఒక్క దెబ్బకి అచ్చు. రంగు లేదు, బ్రష్షు లేదు, రేకు సరుకుని తాకనైనా తాకదు.

మరి సీసా కదులుతోంది కదా, అక్షరం చెదరదా? లెక్క వేసి చూడండి. సెకనుకి మీటరు వేగంతో పోయే సీసా, సెకనులో పది లక్షల వంతులో ఎంత దూరం పోతుంది? ఒక మైక్రాన్. మన తల వెంట్రుక మందం సుమారు డెబ్బై మైక్రాన్లు. ఆ వెంట్రుకని డెబ్బై పొరలుగా చీలిస్తే అందులో ఒక పొరంత. సీసా తన మానాన తను పరిగెత్తుతూనే ఉంది, వెలుగు దృష్టిలో మాత్రం అది బొమ్మలా నిలబడి ఉంది. దాన్ని ఆపకుండానే ఆపిన ఈ ఉపాయమే కదిలే సరుకు మీద లేజర్ రాతకి తొలి మెట్టు. ఎలక్ట్రానిక్ విడిభాగాలు, సీసాల లేబుళ్ళు, అట్టపెట్టెలు చాలాకాలం ఇలాగే ముద్ర వేయించుకున్నాయి.

లోపం మాత్రం రేకులోనే ఉంది. తేదీ మారితే రేకు మార్చాలి. అక్షరాల కంతల్లో పడని వెలుగంతా వృథా. ఏడాదికి ఒకసారి మారే గుర్తుకైతే సరే. బ్యాచ్ నంబరు పూటపూటకీ మారుతుంది, కొన్ని చోట్ల గంట, నిమిషం కూడా వెయ్యాలంటారు. రేకులు పట్టుకుని ఎవరు పరిగెత్తుతారు?

రెండో జవాబు చుక్కల ముగ్గు. అడ్డంగా ఐదు, నిలువుగా ఏడు చుక్కల గడి ఉంటే ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు అన్నీ అందులో ఇమిడిపోతాయి. 1980ల్లో కార్బన్ డయాక్సైడ్ లేజర్ మూరెడు పొడవుకి కుదించుకుపోయింది. రేడియో తరంగాలతో నడిచే, వాయువు ఒకసారి నింపి మూసేసిన చిన్న గొట్టాలు వచ్చాయి. అలాంటివి ఏడు ఒకదాని మీద ఒకటి పేర్చి, ఏడు కిరణాలూ ఒక నిలువు గీత మీద పడేలా అమరిస్తే ఏమవుతుంది? ఏ గొట్టం ఎప్పుడు మెరవాలో చెబితే చాలు, అడ్డంగా జరిపే పని కన్వేయరే చేసిపెడుతుంది. మొదటి నిలువు వరసకి చుక్కలు పడతాయి, సీసా కాస్త జరుగుతుంది, రెండో వరసకి పడతాయి. మగ్గం మీద చీర ముందుకు జరుగుతుంటే అంచు దానంతట అది పూర్తవుతున్నట్టు. ఇక్కడ సరుకు కదలిక అడ్డంకి కాదు, రాతలో సగం పని దానిదే. ఈ మొత్తం చరిత్రలో తెలివి బాగా పండింది ఇక్కడేనని నా అభిప్రాయం. కానీ చుక్కల అక్షరం చుక్కల అక్షరమే. చూడ్డానికి అందం ఉండదు, బొమ్మలు, గుర్తులు వెయ్యాలంటే అసలే కుదరదు.

మూడో జవాబుకి మూలం వెతకాలంటే 1858కి వెళ్ళాలి. ఆ ఏడాది ఐర్లండు నుంచి అమెరికా ఖండం దాకా అట్లాంటిక్ సముద్రం అడుగున మొదటి టెలిగ్రాఫ్ తీగ పరిచారు. అంత దూరం ప్రయాణం చేసి వచ్చిన కరెంటు కొన ఊపిరితో చేరేది. దాన్ని పసిగట్టడానికి విలియం థామ్సన్ ఒక పరికరం చేశాడు. తర్వాత లార్డ్ కెల్విన్ అయింది ఆయనే. గోరంత అద్దం వెనక చిన్న అయస్కాంతాలు అతికించి, పట్టుదారంతో తీగచుట్ట మధ్య వేలాడదీశాడు. కరెంటు వస్తే అద్దం రవ్వంత తిరుగుతుంది. అద్దం మీద పడిన దీపపు వెలుగు ఎదురుగా ఉన్న కొలబద్ద మీద పెద్దగా జరుగుతుంది. ఆ తీగ కొన్ని వారాలకే చచ్చిపోయింది. అద్దం మాత్రం బతికింది.

దాన్ని తిరగేయండి. కరెంటు ఎంతుందో అద్దం చెప్పే బదులు, మనమే కరెంటు ఇచ్చి అద్దాన్ని కావలసినంత తిప్పితే? అదే గాల్వో. రెండు అద్దాలు: ఒకటి కిరణాన్ని అడ్డంగా, ఇంకొకటి నిలువుగా తిప్పుతుంది. వాటి కింద, అద్దం ఎటు తిరిగినా కిరణం మొన ఒకే తలం మీద నిలిచేలా చేసే కటకం. దాంతో లేజర్‌కి కలం దొరికింది. కంప్యూటర్ ఏది చెబితే అది గీస్తుంది: అక్షరం, అంకె, కంపెనీ బొమ్మ, చదరపు కోడ్. పెళ్ళి రిసెప్షన్లలో గోడ మీద వధూవరుల పేర్లు గీసే లేజర్ షో పెట్టెలోనూ ఇవే అద్దాలు.

రేకు పద్ధతిలో లేని కష్టం ఇక్కడ మొదలవుతుంది. కలంతో రాయాలంటే సమయం పడుతుంది. ఒక తేదీ వరసకి సెకనులో ఇరవయ్యో వంతు పడుతుందనుకుందాం. ఆ కాస్తలో మన సీసా ఐదు సెంటీమీటర్లు పోయింది! మొదటి అంకె మీద ఉన్న కలం చివరి అంకెకి వచ్చేసరికి సరుకు ఇంకెక్కడో ఉంటుంది. కాబట్టి రాస్తూ రాస్తూనే కలం సీసా వెంట పరిగెత్తాలి. కన్వేయర్‌కి ఆనుకుని ఒక చిన్న చక్రం తిరుగుతుంటుంది. దాన్ని ఎన్‌కోడర్ అంటారు. బెల్టు మిల్లీమీటరు జరిగితే అది కొన్ని టిక్కులు కొడుతుంది. సీసా వచ్చిందని ఫోటో సెన్సర్ ఒకసారి చెబుతుంది. ఆ క్షణం నుంచి ఎన్ని టిక్కులు పడ్డాయో లెక్కపెడుతూ, గీయాల్సిన ప్రతి బిందువునీ అంత మేరకి పక్కకి జరిపి గీస్తుంది కంట్రోలర్. లైను నెమ్మదిస్తే టిక్కులు నెమ్మదిస్తాయి, కలమూ నెమ్మదిస్తుంది.

మత్స్యయంత్రం గుర్తొస్తే తప్పు మీది కాదు. తిరిగే చేప, కింద ప్రతిబింబం, కదిలే గురి. అర్జునుడికి గురి ఒక్కటే. ఇక్కడ సెకనుకి పది చేపలు, ఒక్కో చేపకి వందల బాణాలు, అవి కూడా అందంగా అక్షరాల్లా పడాలి.

వెలుగుకి బరువు లేదు, అద్దానికి ఉంది. గాల్వో పనివాళ్ళు ఏళ్ళ తరబడి కుస్తీ పట్టింది ఈ బరువుతోనే. అక్షరం మూల దగ్గర కలం గిరుక్కున మలుపు తిరగాలి. అద్దమేమో వచ్చిన ఊపులో కాస్త ముందుకుపోయి వెనక్కి వస్తుంది. ఆ ఊపు ఆగేదాకా వేచి ఉంటే సమయం పోతుంది, ఆగకపోతే మూల గుండ్రమైపోతుంది. అందుకే ఈ యంత్రాల్లో అక్షరాలని ఒంటిగీతతో, వీలైనన్ని తక్కువ మలుపులతో తీరుస్తారు. ఇంగ్లీషు ఎల్‌కి రెండు గీతలు చాలు. మన 'ఋ' రాయమంటే ఆ అద్దాలకి చెమటలు పడతాయి.

వెలుగు తగిలాక ఏం జరుగుతుందన్నది సరుకుని బట్టి మారుతుంది. నల్లరంగు అచ్చేసిన అట్ట మీద రంగు పొర ఆవిరై అడుగున తెలుపు బయటపడుతుంది. నీళ్ళ సీసా ప్లాస్టిక్ మీద మంచు పట్టినట్టు తెల్లటి గీత పడుతుంది. పి.వి.సి. గొట్టం మీద గీత బంగారు రంగుకి తిరుగుతుంది. గాజు మీద సన్నటి పగుళ్ళు. సీసాల ప్లాస్టిక్ రానురాను పల్చబడేసరికి 10.6 మైక్రాన్ల కిరణం లోతుగా దిగుతోందని, పైపైనే ఆగే 9.3 మైక్రాన్ల రకాన్ని ప్రత్యేకంగా తయారుచేశారు. ప్లాస్టిక్ కాలిన పొగ సంగతి కూడా చూసుకోవాలి. పి.వి.సి. పొగలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది. అందుకే లేజర్ పక్కనే పొగ పీల్చే డబ్బా ఒకటి ఎప్పుడూ గురక పెడుతుంటుంది. కిరణం కంటికి కనబడదు కాబట్టి అది తిరిగే చోటంతా మూసేసి, తలుపు తీస్తే లేజర్ ఆగిపోయేలా ఉంచుతారు.

విమానాల తీగల కథ కొంచెం వేరు. ఒక్కో విమానంలో కిలోమీటర్ల కొద్దీ తీగ ఉంటుంది, దాని పొడవునా గుర్తింపు నంబరు ఉండాలి. పూర్వం వేడి అచ్చుతో నొక్కేవాళ్ళు. నొక్కుడు కాస్త ఎక్కువైతే తొడుగు తెగి, లోపలి రాగి బయటపడే ప్రమాదం ఉంది. 1980ల చివర్లో అతినీలలోహిత లేజర్ ఆ పనిలోకి దిగింది. తొడుగుకి తెలుపునిచ్చే టైటానియం డయాక్సైడ్ ఆ వెలుగు తగిలితే నల్లబడుతుంది. గంటు లేదు, నొక్కుడు లేదు, చుట్ట నుంచి తీగ జారిపోతుంటే నంబరు దానిలోనే తేలుతుంది.

లోహం వైపు మార్పు నెమ్మదిగా వచ్చింది. యాగ్ లేజర్‌కి దీపాలు మార్చాలి, నీళ్ళతో చల్లబరచాలి. గాజు పోగునే లేజర్‌గా మార్చవచ్చని అమెరికాలో ఎలయాస్ స్నిట్జర్ 1960ల మొదట్లోనే చూపించినా, దాన్ని ఫ్యాక్టరీ సరుకుగా చేసింది వాలెంటిన్ గపొంత్సేవ్. 1990లో రష్యాలో ఆయన మొదలుపెట్టిన ఐ.పి.జి. కంపెనీ తర్వాత అమెరికాకి మారింది. ఫైబర్ లేజర్‌కి ఫ్యాన్ గాలి చాలు. ఇప్పుడు బేరింగులు, స్పానర్ల మీద రాసేది ఎక్కువగా అదే.

ఇంతా చెప్పి, సిరాని లేజర్ ఓడించిందని రాస్తే అబద్ధమవుతుంది. దీనికి పోటీ ఇంక్‌జెట్. 1960ల్లో స్టాన్‌ఫర్డ్‌లో రిచర్డ్ స్వీట్ సన్నటి సిరా ధారని చుక్కలుగా విడగొట్టి, ఒక్కో చుక్కకీ విద్యుదావేశం ఇచ్చి పక్కకి మళ్ళించే పద్ధతి కనిపెట్టాడు. దాని యంత్రం చవక, ఏ సరుకు మీదైనా రాస్తుంది. అయితే నెల నెలా సిరా కొనాలి. సిరా చిక్కబడకుండా కలిపే ద్రావకం కూడా కొనాలి, దాన్ని లైన్‌లో వాళ్ళు "మేకప్" అంటారు. లేజర్ కొనడానికి భారం, నడపడానికి తేలిక. మన పచారీ సరుకుల మీద ఎక్కువగా కనబడేది ఇప్పటికీ సిరాయే. ఒకసారి ఫ్రిజ్‌లోంచి తీసిన పెరుగు డబ్బా మూత తుడిస్తే తేదీ నా వేలికి అంటుకుంది. అది రేపటిదో మొన్నటిదో తెలియక పారబోశాం.

మందుల విషయంలో మాత్రం అలా చెరిగితే కుదరదు. యూరప్ దేశాల్లో 2019 ఫిబ్రవరి 9 నుంచి డాక్టరు చీటీ మీద ఇచ్చే మందుల పెట్టెలన్నిటికీ, కొద్ది మినహాయింపులతో, పెట్టెకొక వేరే నంబరు ఉండాలి. హైదరాబాదు చుట్టుపక్కల నుంచి అక్కడికి వెళ్ళే మందులకీ ఇదే నియమం. మన దేశంలో 2023 ఆగస్టు 1 నుంచి ముఖ్యమైన 300 బ్రాండ్ల మందులకి బార్ కోడ్ గానీ క్యూఆర్ కోడ్ గానీ తప్పనిసరి అయింది. పెట్టె పెట్టెకీ నంబరు మారాలన్నప్పుడు రేకు పద్ధతి పూర్తిగా చేతులెత్తేసింది. అద్దాల కలమో, సిరా చుక్కలో ఉండాల్సిందే. బంగారం నగల మీద 2023 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరైన ఆరు అక్షరాల హాల్‌మార్క్ నంబరునీ లేజరే గీస్తుంది. అక్కడ నగ మిల్లు బస్తాలాగే కదలకుండా కూర్చుంటుంది కాబట్టి పని సుఖం.

నీళ్ళ సీసా చేతికొస్తే మెడ దగ్గర తేదీని గోటితో తాకి చూడండి. సిరా అయితే నున్నగా ఉంటుంది, లేజర్ అయితే సన్నటి గరుకు తగులుతుంది. లేజర్ అంకెల్లో ఒకట్లన్నీ ఒకే పక్కకి వాలి ఉండి, సున్నా మొదలైన చోటికి రాకుండా నోరు తెరుచుకుని ఉంటే తప్పు లేజర్‌ది కాదు. ఆ పూట కన్వేయర్ మీద ఎన్‌కోడర్ చక్రం జారింది.